ఎనభై ఏడో ప్రశ్న మీద అభ్యంతరం

అశోక్‌నగర్‌లో ఓపిక అనేది పొద్దున ఎనిమిదింటిలోపే దొరుకుతుంది. ఆ తర్వాత ఆ వీధుల్లో కనిపించే వాళ్ళందరూ నిన్నటి అలసట మీద ఇవాళ్టి చాయ్ పోసి నెట్టుకొచ్చేవాళ్ళే. హారతి కోచింగ్ సెంటర్ మెట్లెక్కేసరికి పదకొండయింది.

రెండో అంతస్తులో రెండు గదుల సెంటర్ అది. నడిపేది రమాకాంత్ సార్. గ్రూప్స్ పరీక్షలకు చదివేవాళ్ళకు వారం వారం మాక్ టెస్టులు పెడతాడు. వాటిలో సైన్స్ ప్రశ్నలు తయారుచేసేది హారతి. ఆమె అసలు పని అది కాదు, యూనివర్సిటీలో పీహెచ్‌డీ. ఏడో ఏడు నడుస్తోంది. ఎన్నో ఏడని ఎవరైనా అడిగితే ఈ మధ్య మాట మార్చేస్తోంది.

"హారతి గారూ, మీ ఎనభై ఏడో బిట్టు మీద అభ్యంతరం వచ్చింది," అన్నాడు రమాకాంత్ సార్, నాలుగు కాగితాలు ముందుకు తోస్తూ.

"మాక్ టెస్టుకి అభ్యంతరమా?"

"ఫారం మనమే పెట్టినం గదా మేడం, అసలు పరీక్ష లెక్కనే ఉండాలని. మూడేండ్లల్ల ఒక్కడు నింపలే. ఇగో, ఈయన నింపిండు."

అక్కడి పద్ధతి అది. పరీక్ష అయ్యాక ముందు ప్రాథమిక కీ వస్తుంది. జవాబు తప్పనుకున్నవాళ్ళు ఐదు రోజుల్లో అభ్యంతరం పెట్టుకోవచ్చు. ఊరికే తప్పంటే చెల్లదు, పుస్తకం పేరూ పేజీ నంబరూ ఆధారంగా చూపించాలి. అన్నీ చూశాక ఫైనల్ కీ ఇస్తారు. ఇక దాని మీద దేవుడు దిగొచ్చినా చేయగలిగిందేమీ లేదు. ఆ పేటలో జనం జాతకాల కంటే కీలనే ఎక్కువ నమ్ముతారు.

'ఈయన' అన్న మనిషి కుర్చీ అంచున కూర్చుని ఉన్నాడు. ముప్పైకి అటో ఇటో. నీలం చొక్కా, దానికి ఇస్త్రీ లేదు. మెడలో తువ్వాల. కళ్ళ కింద నల్లటి చారలు, అచ్చం హారతి కళ్ళ కింద ఉన్నట్టే.

"నమస్తే మేడం. నా పేరు ఓదెలు. మాది మంథని దిక్కు. మీరు కీల ఒకటో ఆప్షన్ ఇచ్చిన్రు. మూడోది కరెక్టు."

హారతి ప్రశ్నపత్రం తిప్పి చూసుకుంది. భూమి అయస్కాంత తోకలో పునఃసంధానం జరిగినప్పుడు ప్లాస్మా ఎక్కువగా వేడెక్కేది ఎక్కడ? ఒకటి: బలరేఖలు తెగి కలిసే బిందువు దగ్గర. రెండు: ధ్రువాల దగ్గర. మూడు: కలిసిన రేఖలు వెనక్కి లాక్కునే దారి పొడవునా. నాలుగు: పైవేవీ కావు.

"ఏ గైడు చూసినా ఒకటే ఉంటుందండీ," అంది.

"గైడ్లల్ల ఉంటది మేడం. ఆకాశంల గూడ ఉండాలె గదా."

రమాకాంత్ సార్ నవ్వు ఆపుకోవడానికి దగ్గాడు. హారతికి ఒళ్ళు మండింది.

"ఆకాశం మీరు చూసొచ్చారా? ఆధారం ఏది?"

"మూడో పేజీ సూడుండ్రి. ఏదో సదస్సుల చదివిన పేపరు. నాలుగు ఉపగ్రహాలు కలిసి ముప్పై ఒక్కసారి కొలిచిన లెక్కలున్నయ్. కె. హారతి అని ఎవరో రాసిన్రు. మస్తు రాసిన్రు. గామెకు ఎరుకైంది, కీ తయారుచేసినోళ్ళకు ఎందుకు ఎరుక లేదు? గదీ నా అభ్యంతరం."

రమాకాంత్ సార్ ఉన్నట్టుండి ఫోన్ చూసుకోవడం మొదలుపెట్టాడు. హారతి ఆ మూడో పేజీ వంక చూస్తూ ఉండిపోయింది. నాలుగేళ్ళ కిందటి తన పేపరు. గుండ్రటి తెలుగు అక్షరాల్లో, వాక్యం వాక్యం అర్థం చేసుకుని రాసుకున్నాడు. ఆమె పీహెచ్‌డీ గైడు వీరరాఘవరావు గారు తప్ప దాన్ని ఇంకో మనిషి చదివినట్టు ఆమెకు తెలియడం ఇదే మొదలు.

"ఆ హారతిని నేనే," అంది.

ఓదెలు కుర్చీలోంచి సగం లేచాడు. "ఏంది మేడం! మరి మీ జవాబుకు మీరే తప్పు కొట్టుకున్నరా?"

"నాకు పనుంది," అని హారతి బ్యాగు తీసుకుంది.

"మేడం, ఆ కింది గడి!" అన్నాడు రమాకాంత్ సార్. "'ప్రశ్న తయారుచేసినవారి అభిప్రాయం' అని ఉన్నది సూడుండ్రి. మీ సంతకం లేంది నేను కీ మార్చలేను."

"తర్వాత చూద్దాం లెండి."

రెండేళ్ళుగా ఆమె అన్నింటికీ అంటున్న మాట అదే.

తోక సంగతి అందరూ ఒకలాగే చెప్తారు, వేడంతా రేఖలు తెగి కలిసే చోటే పుడుతుందని. హారతి లెక్కల్లో మాత్రం అక్కడ వేడి కాస్తే. అక్కణ్ణించి దూరం వెళ్ళేకొద్దీ పెరుగుతోంది. ఒకసారి కాదు, ముప్పై ఒక్కసారీ అంతే. సెమినార్‌లో ఒక పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని "ఆర్ యూ ష్యూర్?" అన్నాడు. వీరరాఘవరావు గారు మంచివాడు, తప్పని ఎప్పుడూ అనలేదు. "మళ్ళీ చూడమ్మా," అన్నాడు. చూసింది. ఆరుసార్లు చూసింది. ఆరోసారికి లెక్కల మీద కాదు, తన మీదే నమ్మకం పోయింది. అయిదో అధ్యాయం ఒక్కటీ రాస్తే థీసిస్ అయిపోతుంది. ఆ ఫైలు తెరిస్తే చాలు, నిద్ర ముంచుకొస్తుంది.

ఇంట్లో నాన్న జోగారావు గారు రోజూ సాయంత్రం కాఫీ గ్లాసుతో వచ్చి "అయిందామ్మా?" అనేవాడు. ముప్పై ఆరేళ్ళు ఆడిట్ ఆఫీసులో పనిచేసిన మనిషి, గడువులంటే పట్టింపు ఎక్కువ. రెండేళ్ళ కిందట అడగడం మానేశాడు. అడిగినన్నాళ్ళూ విసుక్కుంది కానీ, మానేశాకే హారతికి నిజంగా భయం వేసింది.

*

చిక్కడపల్లి లైబ్రరీలో సీటు దొరకడం ఉద్యోగం దొరకడం కంటే కాస్త తేలిక, అంతే. తలుపులు తీయకముందే వరస కడతారు. తీయగానే లోపలికి ఉరికి కుర్చీ మీద పుస్తకమో టిఫిన్ డబ్బానో పెడతారు. అలా పెట్టిన వస్తువును ఇంకొకరు కదపడం అక్కడ మహాపరాధం. హారతి పదింటికి వచ్చి, సీటు లేదని చూసుకుని, లోలోపల సంతోషపడి ఇంటికి వెళ్ళిపోతూ ఉండేది. రాయకపోవడానికి అంతకంటే గౌరవమైన సాకు ఉండదు.

మర్నాడు ఆ సాకు కాస్తా పోయింది.

"మేడం, గిక్కడ!" అని కిటికీ పక్కనుంచి ఓదెలు చెయ్యి ఊపాడు. అతని పక్క కుర్చీ మీద తువ్వాల పరిచి ఉంది.

"ఇదేంటి?"

"మీ సీటు. నిన్న మిమ్మల్ని నలుగుట్ల పరేషాన్ చేసిన గదా, గందుకు."

"నలుగురు ఎక్కడున్నారు, రమాకాంత్ సార్ ఒక్కడేగా. రోజూ పెడతారా ఇలా?"

"మీరు గా గడిల సంతకం పెట్టేదాంక పెడత."

అటు పక్క సీట్లో కిషన్ రావు కూర్చుంటాడు. నలభై రెండేళ్ళవాడు, పన్నెండేళ్ళుగా అదే కుర్చీ, అందరికీ సీనియర్ అన్న. ఆయన పుస్తకంలోంచి తలెత్తకుండానే అన్నాడు, "కూసోమ్మా. ఈ సీటు కోసం పొద్దుగాల ముగ్గురితోటి లొల్లి పెట్టుకున్నడు."

కూర్చుంది. ఆ రోజు నాలుగు వాక్యాలు రాసి మూడు కొట్టేసింది. ఒకటి మిగిలింది.

వానాకాలం. రోజూ మూడింటికి ఆకాశం మూసుకొచ్చేది. లైబ్రరీ గేటు పక్కన చాయ్ బండి దగ్గర, నీలం పట్టా కింద, ముగ్గురూ నిలబడేవారు.

"నిజంగ భూమికి తోక ఉంటదా మేడం?" అన్నాడు ఓదెలు ఒకరోజు.

"నాలుగు పేజీలు రాసి ఇప్పుడా అడిగేది?"

"పరీక్షకు సమజ్ అయింది. నాకు సమజ్ కాలే."

ఆ మాట హారతికి నచ్చింది. అతని మెడలో తువ్వాల లాక్కుని మధ్యకు మడిచింది. "సూర్యుడి నుంచి కణాలు గాలిలా వీస్తూ ఉంటాయి. ఆ గాలికి భూమి అయస్కాంత క్షేత్రం పగటివైపు నొక్కుకుపోయి, రాత్రివైపు సాగిపోతుంది. చంద్రుడు తిరిగే దారి కూడా దాటిపోతుంది. అదే తోక. ఇదిగో, ఈ పై అంచులో రేఖలు భూమి వైపు వస్తాయి. కింది అంచులో దూరంగా పోతాయి. పక్కపక్కనే ఉంటాయి, దిక్కులు మాత్రం ఎదురెదురు. మధ్యలో పలచటి ప్లాస్మా పొర."

"ఎదురెదురుగ ఉన్నోళ్ళు ఊకుంటరా?"

"చాలాకాలం ఊరుకుంటాయి. గాలి ఒత్తిడి పెరిగేకొద్దీ దగ్గరికి నొక్కుకుంటాయి. ఒక చోట మరీ దగ్గరై తెగిపోతాయి. తెగి, పైది కిందిదానితో కలుస్తుంది. రీకనెక్షన్ అంటాం. అలా కలిసిన రేఖ బాగా సాగి, మడతపడి ఉంటుంది కదా, ఒక్కసారిగా వెనక్కి లాక్కుంటుంది. ఆ ఊపులో రెండు వైపుల నుంచీ కణాలను లోపలికి లాగేస్తుంది. అవి ఒకదాంట్లోంచి ఒకటి దూసుకుపోయి కలగాపులగమవుతాయి. ఆ కలగాపులగమే వేడి. కోట్ల డిగ్రీలు. బరువున్న అయాన్లకు ఎక్కువ, ఎలక్ట్రాన్లకు తక్కువ."

ఓదెలు చాయ్ చల్లారిపోయింది. "గులేరు లెక్క మేడం."

"ఏంటది?"

"పిట్టల కొట్టే గులేరు. రబ్బరు సాగదీసి ఇడుస్తం. ఇడిసిన కాడ ఏమైతది? ఏం గాదు. రాయి పోయిన దారెంబడి సూస్తే తెలుస్తది దాని సంగతి. అందరు కలిసిన కాడనే సూసుకుంట కూసున్నరు. మీరు దారెంబడి పోయి సూసిన్రు. ఇండ్ల తప్పేమున్నది?"

తువ్వాల తిరిగి ఇచ్చేటప్పుడు హారతికి, ఏడేళ్ళలో ఇంత తేలిగ్గా తనకే ఎవరూ చెప్పలేదని అనిపించింది. లోపలికి వెళ్ళి ఆ రోజు రెండు పేజీలు రాసింది.

ఓదెలు చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు కిషన్ రావు గొంతు తగ్గించి, "అమ్మా, ఒక బిట్టు అడుగుత," అన్నాడు. "ఈ పోరడు చాయ్ పోసే ఆమెను అక్క అంటడు. పుస్తకాలిచ్చే ఆమెను అక్క అంటడు. మొన్న ఇరవై ఏండ్ల పిల్లను గూడ అక్క అన్నడు. ఇన్ని దినాలల్ల నిన్ను ఒక్కపారి అన్నడా?"

"మేడం అంటారుగా. మర్యాద."

"మర్యాదనట! పన్నెండేండ్ల సంది బిట్లు చదువుతున్న, నాకు తెల్వదా?"

హారతి చాయ్ తాగుతున్నట్టు నటించింది. గ్లాసులో చాయ్ లేదు.

*

చెడేదాకా అంతా బాగానే ఉంటుంది. చెడింది నారాయణగూడలో.

పద్దెనిమిదో తారీకు సాయంత్రం నాలుగింటికి హారతి అక్కడి జిరాక్స్ షాపులోంచి బయటకు వచ్చింది. ఎదురుగా ఓదెలు, చేతిలో ప్లాస్టిక్ కవరు నిండా సర్టిఫికెట్ల నకళ్ళు. పలకరించుకునేలోపే వాన దంచికొట్టింది. ఇద్దరూ పరిగెత్తి మెట్రో స్టేషన్ కింద నిలబడ్డారు. వాన జల్లుకు ఆమె జడ, అతని చొక్కా సగం తడిసిపోయాయి. అతను తువ్వాల ఇచ్చాడు, ఆమె తీసుకుంది. ఇంకో రోజైతే అదంతా బాగుండేది.

"మొఖం గట్లున్నదేంది మేడం?"

"వీరరాఘవరావు గారు ఫోన్ చేశారు. ముప్పయ్యో తారీకులోపు థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. ఇంకో పొడిగింపు లేదు."

"ఇంక పన్నెండు దినాలున్నయ్ గదా."

"వదిలేద్దామనుకుంటున్నాను ఓదెలు గారూ."

వాన చప్పుడులో సరిగ్గా వినలేదేమోనని అతను దగ్గరికి వంగాడు. "ఏందీ?"

"వదిలేస్తాను. నాకు ఓపిక లేదు. ఇచ్చినా వైవాలో మళ్ళీ ఆ పెద్దాయనే కూర్చుని 'ఆర్ యూ ష్యూర్' అంటాడు. అప్పుడు నేనేం చెప్పాలి? ఏడేళ్ళు అయ్యాయి. ఇంక చాలు."

"గందుకేనా గా గడిల సంతకం పెడ్తలేరు?" అతని గొంతు మారింది. "నాకిప్పుడు సమజయింది. మీకు జవాబు ఎరుకే. తెలిసీ తప్పు కీ ఇచ్చిన్రు, ఎవరూ ఏమనకుండ ఉంటరని. గిది అలసట గాదు మేడం, పిరికితనం."

ఆ మాట సూటిగా తగిలింది. నిజమైన మాటలకు ఆ గుణం ఉంది. తగిలినచోటే ఉండకుండా హారతి నోట్లోంచి మరో మాట అయి బయటికొచ్చింది.

"మీరా నాకు చెప్పేది? ఐదేళ్ళుగా జవాబుపత్రాల్లో గళ్ళు నల్లగా దిద్దుతూనే ఉన్నారు. ఏమొచ్చింది మీకు?"

రెండేళ్ళ కిందట ఒక్క మార్కుతో ఓదెలుకు ఉద్యోగం చేజారిందనీ, అప్పట్నుంచి మాక్ టెస్టులో మార్కు కూడా వదలడనీ కిషన్ రావు ఎప్పుడో చెప్పాడు. ఆ సంగతి ఆమెకు అప్పుడే గుర్తుకొచ్చింది. మాట అన్నాక.

"నిజమే మేడం. ఏం రాలే," అని కవరు చొక్కా లోపల దోపుకుని వానలోకే వెళ్ళిపోయాడు. తువ్వాల ఆమె దగ్గరే ఉండిపోయింది.

మూడు రోజులు హారతి ఇల్లు కదల్లేదు. ఫైలు తెరవలేదు. అమ్మ కమలాకుమారి జ్వరమేమోనని నుదురు పట్టుకు చూసి, లేదని తేల్చుకుని, దానికే ఎక్కువ కంగారుపడింది. ఇన్నాళ్ళూ తనది అలసటే అనుకుంది హారతి. ఇప్పుడు తెలిసింది, అసలైన అలసట అంటే ఏమిటో. ఒక కుర్చీ మీద ఇక తన కోసం ఎవరూ ఏదీ పరచరని తెలిసినప్పుడు ఒంట్లోంచి సత్తువంతా పోయింది. అతను తనకు కావాలి. ఆ ముక్క ఒప్పుకోవడానికి మూడు రోజులు పట్టింది.

నాలుగో రోజు లైబ్రరీ పుస్తకాలు తిరిగిచ్చేసి అన్నింటికీ దణ్ణం పెట్టేద్దామని బయల్దేరింది. లోపలికి వెళ్ళేసరికి పదకొండు. హాలంతా నిండి ఉంది.

కిటికీ పక్కన ఓదెలు కుర్చీలో ఎవరో కొత్త మనిషి. దాని పక్క కుర్చీ ఖాళీ. దాని మీద ఒక స్టీలు డబ్బా, డబ్బా కింద కాగితాలు.

"వచ్చినవా తల్లీ!" కిషన్ రావు పుస్తకం మూశాడు. ఆయన అలా మూయడం ఆమె చూడలేదు. "నాలుగు దినాల సంది ఈ కుర్చీకి కాపలా కాస్తున్నం. మొదాల మూడు దినాలు వాడు కాసిండు. ఇయ్యాల నేను. నా పన్నెండేండ్ల ఇజ్జత్ పోయింది ఈ సీటు కోసం, సెక్యూరిటాయనతోటి మాట పడ్డ."

"ఆయన ఏరీ?"

"నిన్న సాయంత్రం ఊరికి పోయిండు. సర్టిఫికెట్ల వెరిఫికేషన్ పిలుపొచ్చింది. నీకు చెప్పలేదా? గా నకళ్ళు తీపియ్యనీకే గదా నారాయణగూడ పోయింది."

ఐదేళ్ళకు ఏదో వచ్చిన రోజునే 'ఏమొచ్చింది మీకు' అని అడిగింది హారతి. చెప్దామనే కాబోలు నిలబడ్డాడు, చెప్పనివ్వలేదు.

డబ్బా జరిపి కాగితాలు తీసింది. పాత నాలుగు పేజీల అభ్యంతరమే. రమాకాంత్ సార్ దగ్గర్నుంచి తెచ్చుకున్నట్టున్నాడు. అయిదో పేజీ మాత్రం కొత్తది. అదే ఫారం, అవే గుండ్రటి అక్షరాలు.

ప్రశ్న సంఖ్య: 87.
కీలో ఇచ్చిన జవాబు: వదిలేస్తాను.
అభ్యర్థి సరైనదిగా భావించే జవాబు: రాస్తాను.
ఆధారం: కె. హారతి, ముప్పై ఒక్క కొలతలు. అన్నీ.

కింద, గీతలు దాటి, సన్నగా రాశాడు: "మేడం, మీరన్నది నిజమే. ఐదేండ్లల్ల ఏం రాలే. కానీ ఒక్కసారి గూడ పరీక్ష రాయకుండ ఇంటికి తిరిగిపోలే."

'ప్రశ్న తయారుచేసినవారి అభిప్రాయం' గడి ఖాళీగా ఉంది. ఫారంలో అతని ఫోన్ నంబరు ఉంది. హారతి చేయలేదు. సారీ ఒక్కటే చెప్పడానికి కాదు, ఇంకేదైనా చెప్పడానికి ఉన్న రోజున చేయాలనుకుంది. కళ్ళు తుడుచుకుని, డబ్బా పక్కకు పెట్టి, కూర్చుని ఫైలు తెరిచింది.

నిద్ర వచ్చింది. రానీ అనుకుని రాసింది.

తొమ్మిది రోజులు అలాగే గడిచాయి. గొప్ప ఉత్సాహమేమీ పుట్టుకురాలేదు, అలసట అలాగే ఉంది. దాన్ని పక్క కుర్చీలో కూర్చోబెట్టుకుని రాసింది. రాయి వదిలిన చోట కాదు, వెళ్ళిన దారి వెంట చూడాలన్న మాటతో అయిదో అధ్యాయం మొదలైంది. కిషన్ రావు పొద్దున్నే డబ్బా పెట్టి సీటు ఉంచేవాడు, ఒక్క మాట అడిగేవాడు కాదు. ముప్పయ్యో తారీకు మధ్యాహ్నం యూనివర్సిటీలో వీరరాఘవరావు గారు చివరి పేజీలు తిరగేసి, "ష్యూరేనా అమ్మా?" అన్నాడు.

"ష్యూరే సార్," అంది హారతి. ఆయన కళ్ళజోడు తీసి, నవ్వి, సంతకం పెట్టాడు. అంతే. ఏడేళ్ళ పని రెండు నిమిషాల్లో ఒక బల్ల మీదికి చేరిపోయింది.

అడిక్‌మెట్ వంతెన మీద ఆటో వానలో ఆగిపోయినప్పుడు ఫోన్ చేసింది.

"ఎక్కడున్నారు?"

"మీ సీటు కాడనే మేడం. పొద్దుగాల వచ్చిన. ఇచ్చిన్రా?"

"ఇచ్చాను."

అటు నుంచి కిషన్ రావు గొంతు వినిపించింది, "ఏడుస్తున్నవారా? లైబ్రరీల ఏడ్వద్దు, బైటికి పో."

*

చాయ్ బండి పట్టా కింద నిలబడి ఉన్నాడు. ఈసారి చొక్కా ఇస్త్రీ చేసి ఉంది, వాన దాన్ని పాడుచేసే పనిలో ఉంది. హారతి ముందు తువ్వాల ఇచ్చింది. ఉతికి, మడతపెట్టి, పన్నెండు రోజులు బ్యాగులో మోసిన తువ్వాల.

"ఆ రోజు అన్నదానికి..."

"ఇడిసిపెట్టుండ్రి మేడం. నేను గూడ మంచిగ అనలే."

"వెరిఫికేషన్ ఏమైంది?"

"అయింది. ఒక్క పోస్టుకు ఇద్దర్ని పిలిచిన్రు. వస్తే వస్తది, లేకుంటే మళ్ళ ఈడనే." తువ్వాల అంచు వేలికి చుట్టుకుంటున్నాడు. "పరీక్షల అన్ని రాసిన మేడం. ఒక్కటి ఖాళీగ ఇడిసిన."

"ఎందుకు?"

"తప్పయితే ఉన్న మార్కు గూడ పోతది గదా. గా భయానికి."

"ఏ పరీక్షలో?"

అతను తలెత్తి ఆమె వంక చూశాడు. చూసిన వెంటనే వాన వంక చూశాడు. హారతికి అర్థమైంది. నవ్వొచ్చింది.

"ఇందులో నెగిటివ్ మార్కులు లేవు ఓదెలు," అంది. గారు లేకుండా అనడం అదే మొదలు. "రాయండి."

"మీరంటే నాకు ఇష్టం," అన్నాడు గబగబా. ఊపిరి పీల్చుకుని, "మొదటి పేజీల గాదు, మూడో పేజీ కాడ అయింది. మీరెవరో తెల్వకముందే."

"నాకు అయిదో పేజీ దగ్గర," అంది హారతి. "పదండి. మా ఇల్లు రెండు సందులవతల. ఇంక ఈ తడిలో నిలబడే ఓపిక నాకు లేదు."

జోగారావు గారు వరండాలో కూర్చుని ఉన్నాడు. కూతురు ఖాళీ చేతులతో రావడం చూశాడు, పొద్దున థీసిస్ కాపీల అట్టపెట్టెతో వెళ్ళిన కూతురు. కుర్చీలోంచి లేచాడు. రెండేళ్ళుగా మింగిన మాట బయటికొచ్చింది.

"అయిందామ్మా?"

"అయింది నాన్నా," అంది. అప్పుడొచ్చింది ఏడుపు. కమలాకుమారి కొంగుతో కళ్ళు తుడుస్తూ, గేటు దగ్గర తడుస్తున్న మనిషిని చూసి ఆగిపోయింది.

"ఎవరే ఆ అబ్బాయి?"

"ఎనభై ఏడో ప్రశ్న మీద అభ్యంతరం పెట్టినాయన."

అభ్యంతరం అన్న మాట చెవినపడగానే జోగారావు గారిలో ఆడిట్ మనిషి లేచాడు. "ఏదీ, ఇలా ఇవ్వు." కళ్ళజోడు పెట్టుకుని, హారతి బ్యాగులోంచి తీసిన కాగితాలు అందుకున్నాడు. ఓదెలు "నమస్తే సార్," అని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అయిదు పేజీలూ ఆయన నిదానంగా చదివాడు. అయిదో పేజీ రెండుసార్లు చదివాడు. కళ్ళజోడు పైనుంచి కూతురిని చూశాడు, కుర్రాడిని చూశాడు, మళ్ళీ కూతురిని చూశాడు.

"ఉద్యోగం?"

"ఫైనల్ లిస్టు రావాలె సార్. వస్తదో రాదో తెల్వదు."

"ఊఁ. ముప్పై ఆరేళ్ళలో ఇంత శుభ్రమైన అభ్యంతరం నేను చూడలేదు. ఆధారం గట్టిగా ఉంది." కాగితాలు సర్ది కూతురి వైపు జరిపాడు. "కానీ కింద గడి ఖాళీగా వదిలేశారేంటి? సంతకం లేకపోతే ఇది ఎన్నాళ్ళైనా పెండింగే. కమలా, అబ్బాయికి తువ్వాలు తెచ్చి, కాఫీ కలుపు."

"తువ్వాల ఉంది నాన్నా ఆయన దగ్గర," అంది హారతి. నాన్న జేబులోని పెన్ను అందుకుంది.

గడిలో రాసింది: అభ్యంతరం సమంజసమే. కె. హారతి.